పిల్లికి సిరప్ తాగిస్తున్నారా? తల వెనక్కి వంచి పోస్తే ప్రాణాలకే ముప్పు.. సరైన పద్ధతి ఇదే!

ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లకు బాగా తెలిసిన కష్టం ఒకటుంది. డాక్టర్ రాసిన సిరప్‌ను దాని నోట్లో వేయడం! సీసా మూత తీసిన చప్పుడు వినిపిస్తే చాలు.. మంచం కిందకో, బీరువా వెనక్కో దూరిపోతుంది. పట్టుకుంటే గీరుతుంది, నోట్లో పోస్తే ఉమ్మేస్తుంది. దాంతో చాలామంది ఎలాగోలా పని అయిపోతే చాలనుకుని మెడ పట్టుకుని, తల వెనక్కి వంచి, మందు మొత్తం ఒకేసారి గొంతులోకి కొట్టేస్తారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మందు కాస్త కింద ఒలికిపోయినా పెద్దగా నష్టం లేదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మాత్రం పిల్లి ప్రాణం మీదకు వస్తుంది. మరి ద్రవ మందును సురక్షితంగా ఎలా తాగించాలి? ఎంత ఇవ్వాలి? ఏ మందు అస్సలు ఇవ్వకూడదు? పూర్తి వివరాలు ఇప్పుడు తెలుసుకుందాం.

పొలమారితే ఏమవుతుంది?

మనకు నీళ్లు తాగుతుంటే పొలమారితే ఇంట్లో పెద్దవాళ్లు నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని నవ్వేస్తారు. రెండు సార్లు దగ్గితే సర్దుకుంటుంది. పిల్లి విషయంలో అంత తేలిగ్గా తీసుకోకూడదు. గొంతులో గాలి వెళ్లే దారి, ఆహారం వెళ్లే దారి పక్కపక్కనే ఉంటాయి. మింగే క్షణంలో గాలి దారి మీద చిన్న మూతలాంటిది పడుతుంది. పిల్లి మింగడానికి సిద్ధం కాకముందే మందు వేగంగా వచ్చి పడినా, అది అరుస్తూ, బుస కొడుతూ ఉన్నప్పుడు పోసినా ఆ మూత తెరిచే ఉంటుంది. అప్పుడు మందు నేరుగా ఊపిరితిత్తుల వైపు జారిపోతుంది.

ఇలా లోపలికి వెళ్లిన ద్రవం వల్ల వచ్చే నిమోనియాను ఆస్పిరేషన్ నిమోనియా అంటారు. చిన్న జలుబుకు మందు వేయబోయి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టించాల్సిన పరిస్థితి రావచ్చు. తల వెనక్కి వంచినప్పుడు మింగడం కష్టమవుతుంది, ద్రవం తనంతట తానే వెనక్కి జారుతుంది. అందుకే ద్రవ మందు వేసేటప్పుడు పిల్లి తల మామూలుగా, నేలకు సమాంతరంగా ఉండాలన్నది మొదటి నియమం.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తుంటారు. మాత్ర వేసేటప్పుడు పిల్లి తల కొంచెం పైకెత్తడం మామూలే. అదే అలవాటుతో సిరప్ కూడా పోసేస్తుంటారు. మన ఇళ్లలో చంటిపిల్లలను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోసే అలవాటు ఉంది. పల్లెల్లో గేదెలకు మూతి పైకెత్తి గొట్టంతో మందు పోయడం కూడా చూస్తుంటాం. ఈ రెండు పద్ధతుల్లో ఏదీ పిల్లికి పనికిరాదు. పిల్లి పొట్ట కిందకు, వీపు పైకి ఉండేలా కూర్చునే ఉండాలి.

ముందు సీసా మీద ఏముందో చూడండి

తాగించే పద్ధతి కంటే ముందు మందు సంగతి చూడాలి. పిల్లికి ఒళ్లు వేడిగా అనిపించగానే ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన జ్వరం సిరప్ కొంచెం పోస్తే పోలా అనుకునేవాళ్లు ఉన్నారు. ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు. ఆ సిరప్‌లలో ఎక్కువగా ఉండేది పారాసిటమాల్. మనుషుల శరీరం దాన్ని సులువుగా విడగొట్టి బయటకు పంపేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. దాంతో రక్తంలోని హిమోగ్లోబిన్ దెబ్బతిని, ఆక్సిజన్ మోసే సామర్థ్యం పడిపోతుంది.

లెక్క చూస్తే ప్రమాదం ఎంత దగ్గరగా ఉందో అర్థమవుతుంది. మార్కెట్‌లో దొరికే పిల్లల పారాసిటమాల్ సిరప్‌లలో 5 ఎంఎల్‌కు 250 ఎంజీ ఉండే రకం ఒకటి. అందులో ఒక టీస్పూన్, అంటే 5 ఎంఎల్, 4 కిలోల పిల్లికి పోస్తే కిలోకు 62 ఎంజీ దాటుతుంది. పిల్లిని విషమ స్థితిలోకి నెట్టడానికి అది చాలు. 500 ఎంజీ మాత్ర ఒక్కటి వేసినా ప్రాణం పోవచ్చు. పిల్లికి పారాసిటమాల్‌లో ఇంత వరకు పర్వాలేదు అనే సురక్షిత మోతాదు ఏదీ లేదని పశువైద్యులు హెచ్చరిస్తుంటారు.

చిగుళ్లు గోధుమ రంగులోకో, నీలం రంగులోకో మారడం, ముఖం, పాదాలు వాయడం, ఆయాసం, నీరసం.. ఇవన్నీ ఆ విషప్రభావం లక్షణాలు. పొరపాటున వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. సీసా చేత్తో పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు మందు ఉంది. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించడం లాంటి ప్రయత్నాలు ఇంట్లో చేయొద్దు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు, జలుబు సిరప్‌లు కూడా సొంతంగా వేయకూడదు. జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు కాకుండా, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల జాబితా చదవాలి.

కుక్క మందు పిల్లికి వేయొచ్చా?

ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉన్నవాళ్లకు వచ్చే సందేహం ఇది. మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఉదాహరణ తీసుకుందాం. విదేశాల్లో కుక్కల కోసం చేసిన ద్రావణంలో ఒక ఎంఎల్‌కు 1.5 ఎంజీ ఉంటుంది. పిల్లుల కోసం చేసిన దానిలో 0.5 ఎంజీ మాత్రమే. అంటే కుక్క సీసాలోంచి అదే ఎంఎల్ తీసి పిల్లికి వేస్తే మూడింతల మందు పడినట్టే! ఈ మందు మోతాదు మించితే పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. అమెరికాలో అయితే పిల్లులకు మెలాక్సికామ్ పదే పదే వాడితే కిడ్నీలు పాడై ప్రాణం పోవచ్చని మందు డబ్బా మీదే హెచ్చరిక ముద్రిస్తారు. పేరు ఒకటే అయినంత మాత్రాన మందు ఒకటే అనుకోవద్దు. ఎంఎల్‌కు ఎన్ని ఎంజీలు ఉన్నాయన్నదే అసలు లెక్క.

ఎంజీ వేరు.. ఎంఎల్ వేరు

డాక్టర్ చీటీలో 20 ఎంజీ అని రాశారనుకుందాం. సీసా మీద 5 ఎంఎల్‌కు 100 ఎంజీ అని ఉంటే, ఒక ఎంఎల్‌లో 20 ఎంజీ ఉన్నట్టు. కాబట్టి 1 ఎంఎల్ వేయాలి. మెడికల్ షాపులో ఆ సీసా లేక 5 ఎంఎల్‌కు 50 ఎంజీ ఉన్నది ఇస్తే అదే మోతాదుకు 2 ఎంఎల్ కావాలి. షాపువాళ్లు వేరే కంపెనీ సీసా ఇచ్చినప్పుడల్లా ఈ లెక్క మారుతుంది. డాక్టర్ దగ్గర నుంచి వచ్చే ముందే ఎన్ని ఎంఎల్ అని అడిగి రాయించుకోవడం, సీసా మారితే ఫొటో తీసి పంపి అడగడం మంచిది.

మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పిల్లి బరువు సరిగ్గా తెలియాలి. ఇంట్లో బరువు చూసే మెషీన్ ఉంటే పిల్లిని ఎత్తుకుని ఒకసారి, ఒంటరిగా ఒకసారి నిలబడితే చాలు. ఎత్తుకున్నప్పుడు 62.4 కిలోలు, ఒంటరిగా 58.6 కిలోలు వస్తే పిల్లి బరువు 3.8 కిలోలు.

వంటింటి స్పూన్‌తో కొలవడం మానేయాలి. ఒక్కో ఇంట్లో స్పూన్ ఒక్కో సైజు. పిల్లికి ఇచ్చేది అర ఎంఎల్, ఒక ఎంఎల్ లాంటి చిన్న మోతాదు కాబట్టి కొద్ది తేడా కూడా పెద్దదే అవుతుంది. మెడికల్ షాపులో దొరికే 1 ఎంఎల్ లేదా 2 ఎంఎల్ సిరంజీ కొని, సూది తీసి పక్కన పడేసి వాడుకోవాలి. సూది ఊడిందో లేదో ప్రతిసారీ కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి. సూదికి ఉండే చిన్న ప్లాస్టిక్ మూత కూడా పిల్లి నోట్లో పడకుండా చూసుకోవాలి.

ఇన్సులిన్ సిరంజీతో జాగ్రత్త!

ఇంట్లో షుగర్ పేషెంట్ ఉంటే ఇన్సులిన్ సిరంజీ చేతికి దొరుకుతుంది. దాని మీద గీతలు ఎంఎల్‌లో ఉండవు, యూనిట్లలో ఉంటాయి. పైగా మన దగ్గర యూ-40, యూ-100 అని రెండు రకాలు దొరుకుతాయి. యూ-40 సిరంజీలో 40వ గీత వరకు నింపితే 1 ఎంఎల్. అదే 40వ గీత యూ-100 సిరంజీలో 0.4 ఎంఎల్ మాత్రమే. ఈ గందరగోళం ఎందుకు? చాలా ఇన్సులిన్ సిరంజీలకు సూది ఊడదు కూడా. అవి ఈ పనికి అసలే వద్దు.

పొడి మందు కలిపేటప్పుడు..

కొన్ని యాంటీబయాటిక్స్ సీసాలో పొడి రూపంలో వస్తాయి. వీటినే డ్రై సిరప్ అంటారు. కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీద గీత వరకు పోసి, బాగా ఊపి, నురగ తగ్గాక మళ్లీ గీత దాకా నింపాలి. నీళ్లు తక్కువైతే మందు చిక్కబడి మోతాదు పెరుగుతుంది, ఎక్కువైతే పని చేయదు. కలిపిన తేదీని సీసా మీద పెన్నుతో రాసుకోవాలి. అమాక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ లాంటి డ్రై సిరప్‌లను కలిపాక ఫ్రిజ్‌లో పెట్టి, లేబుల్ మీద చెప్పిన గడువులోనే వాడాలి. మనుషుల సిరప్‌లకు ఇది సాధారణంగా ఏడు రోజులు. కోర్సు అంతకంటే ఎక్కువ రోజులుంటే రెండో సీసా తీసుకోవాల్సిందే.

సస్పెన్షన్ అని రాసి ఉన్న ఏ మందునైనా ప్రతిసారీ బాగా ఊపాలి. ఊపకపోతే మందు అడుగున పేరుకుపోతుంది. మొదటి రోజుల్లో నీళ్లే వెళ్తాయి, చివరి రోజుల్లో మందు ఎక్కువ వెళ్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మందును నేరుగా పోయకుండా, సిరంజీలోకి తీసుకుని కొన్ని నిమిషాలు బయట ఉంచితే పిల్లికి కాస్త నయం. వేడి చేయడం, మైక్రోవేవ్‌లో పెట్టడం మాత్రం వద్దు.

పట్టుకునే ముందే అన్నీ సిద్ధం

పిల్లిని ఒళ్లో పెట్టుకుని సీసా కోసం వెతుక్కుంటే పని అయినట్టే! కాబట్టి ముందే సిరంజీలో కొలిచిన మందు, తుడవడానికి తడి గుడ్డ, చివర్లో పెట్టడానికి ఇష్టమైన తిండి, ఒక మందపాటి టవల్ దగ్గర పెట్టుకోవాలి. తలుపులు, కిటికీలు మూసేయాలి. పిల్లి దూరడానికి మంచం కింద సందు లేని చిన్న గది అయితే ఇంకా మంచిది. టీవీ సౌండ్ తగ్గించి, చిన్నపిల్లలను కాసేపు బయటకు పంపాలి.

సిరంజీ ఒకసారి గాల్లో నొక్కి చూడటం మర్చిపోవద్దు. తియ్యటి సిరప్ ఎండిపోతే లోపలి రబ్బరు అతుక్కుపోతుంది. గట్టిగా నొక్కితే ఒక్కసారిగా జారి మందు మొత్తం గొంతులోకి చిమ్ముతుంది. పొలమారడానికి ఇదీ ఒక కారణం. వాడిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లతో కడిగి, బిగుసుకుంటే కొత్తది తీసుకోవాలి. దాని ధర చాలా తక్కువ, పీనాసితనం వద్దు.

సూక్ష్మంగా చెప్పాలంటే.. ఇలా తాగించాలి

మొదటి పని: పిల్లిని నేల మీద గానీ, టేబుల్ మీద గానీ కూర్చోబెట్టాలి. ముఖం మీ వైపు కాకుండా, మీరు చూసే వైపే దాని ముఖం కూడా ఉండాలి. దాని వెనుక భాగం మీ పొట్టకు ఆనుకుంటే వెనక్కి జరగలేదు. ఒక్కరే ఉంటే మోకాళ్ల మీద నేలపై కూర్చుని, పిల్లిని రెండు తొడల మధ్య పెట్టుకోవచ్చు.

రెండో పని: గీరే పిల్లి అయితే టవల్‌లో చుట్టాలి. చంటిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్టు, నాలుగు కాళ్లూ లోపలే ఉండేలా, తల ఒక్కటే బయటకు కనిపించేలా చుట్టాలి. మెడ దగ్గర వేలు పట్టేంత వదులు ఉండాలి. మెడ వెనుక చర్మం పట్టుకుని గాల్లోకి లేపడం పాత పద్ధతి. పిల్లికి భయం, నొప్పి పెంచుతుందన్న కారణంతో అంతర్జాతీయ పిల్లి వైద్య నిపుణుల సంఘాలు దీన్ని ఇప్పుడు వద్దంటున్నాయి.

మూడో పని: ఎడమ చేత్తో తలను పై నుంచి మెల్లగా పట్టుకోవాలి. బొటనవేలు ఒక చెంప దగ్గర, మిగిలిన వేళ్లు రెండో చెంప దగ్గర ఉండాలి. గొంతు మీద ఒత్తిడి పడకూడదు. తల నిటారుగా, ముక్కు ముందుకు చూస్తూ ఉండాలి.

నాలుగో పని: సిరంజీ మొనను నోటి పక్క నుంచి, కోరపల్లు వెనుక ఉండే ఖాళీలో పెట్టాలి. అక్కడ పళ్లు విడదీయాల్సిన పని లేదు, సందు ఉంటుంది. మొన చెంప లోపలి వైపు చూస్తూ ఉండాలి. ముందు నుంచి నేరుగా గొంతులోకి గురిపెట్టకూడదు.

ఐదో పని: కొంచెం కొంచెంగా, సుమారు అర ఎంఎల్ చొప్పున నొక్కాలి. నాలుక కదలడం, గుటక వేయడం కనిపించాకే తర్వాతి చుక్క. అరిచినా, దగ్గినా, తల విదిలించినా వెంటనే ఆపేసి, తల కిందకు వంచుకోనివ్వాలి. అది ఊపిరి తీసుకుని కుదుటపడ్డాకే మళ్లీ మొదలుపెట్టాలి.

ఆరో పని: అయిపోగానే గడ్డం తుడిచి, వెంటనే వదిలేసి, ఇష్టమైన తిండి ఒక ముద్ద పెట్టాలి. ఉడికించిన చికెన్ ముక్క అయినా చాలు. మందు తర్వాత మంచి జరుగుతుందని పిల్లికి అలవాటైతే రేపటి పని తేలికవుతుంది. డాక్టర్ ఖాళీ కడుపుతో ఇవ్వమంటే మాత్రం తిండి బదులు కాసేపు నిమరడం, ఆడించడం చేయాలి.

మొత్తం పని నిమిషంలో అయిపోవాలి. మూడు నాలుగు సార్లు ప్రయత్నించినా కుదరకపోతే ఆపేసి, పిల్లి శాంతించాక మళ్లీ చూడాలి. పిల్లి నోరు తెరిచి ఆయాసపడుతుంటే మాత్రం మందు సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

నోటి నిండా నురగ.. విషమేమో అని భయమా?

మందు వేసిన వెంటనే పిల్లి నోటి నుంచి నురగ, చొంగ కారడం చూసి చాలామంది హడలిపోతారు. చేదు మందు నాలుక మీద పడితే పిల్లులు ఇలా నురగ కక్కడం మామూలే. కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. నాలుక మధ్యలో కాకుండా చెంప వైపు వేస్తే ఇది తగ్గుతుంది. నురగతో పాటు తూలడం, వణకడం, వాంతులు, ముఖం వాయడం కనిపిస్తే మాత్రం అది చేదు వల్ల వచ్చింది కాదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

సగం కక్కేస్తే మళ్లీ వేయాలా?

ఎంత లోపలికి వెళ్లిందో, ఎంత బయట పడిందో కచ్చితంగా తెలియనప్పుడు సొంతంగా ఇంకో డోసు వేయకూడదు. నొప్పి మందులు, గుండె, మూర్ఛ మందుల్లాంటివి రెండు సార్లు పడితే ప్రమాదం. డాక్టర్‌కు ఫోన్ చేసి మందు పేరు, టైమ్, కక్కిన తీరు చెప్పి అడగాలి. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు డోసులు కలిపి వేయడం కూడా తప్పే.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఉంటే మరో ఇబ్బంది ఉంది. నువ్వు వేశావేమో అని ఆయన, ఆమె వేసిందేమో అని ఈయన వదిలేయొచ్చు. లేదా ఇద్దరూ వేసేయొచ్చు. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, వేసిన వెంటనే టిక్ పెట్టుకుంటే గొడవ ఉండదు.

పాలల్లో, అన్నంలో కలిపేస్తే?

తియ్యగా ఉంది కదా, పిల్లలు తాగినట్టు తాగేస్తుందిలే అనుకుంటే పొరపాటే. పిల్లులకు తీపి రుచి తెలియదు. తీపిని గుర్తించడానికి అవసరమైన జన్యువు వాటిలో పని చేయడం లేదని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మోనెల్ కెమికల్ సెన్సెస్ సెంటర్ శాస్త్రవేత్తలు 2005లో తేల్చారు. మనకు స్ట్రాబెర్రీ ఫ్లేవర్, దానికి వింత వాసన!

డాక్టర్ సరే అంటే కొద్దిగా తడి ఆహారంలో కలిపి చూడొచ్చు. అయితే గిన్నె నిండా తిండిలో కలపకూడదు. సగం వదిలేస్తే ఎంత మందు వెళ్లిందో తెలియదు. ఒక చెంచా తిండిలో కలిపి, అది పూర్తిగా తిన్నాకే మిగతాది పెట్టాలి. పాలల్లో కలపడం కూడా అన్ని మందులకూ కుదరదు. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌ను పాలలోని కాల్షియం పట్టేసుకుంటుంది, మందు ఒంటికి సరిగా అందదు. పైగా పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడక విరేచనాలు అవుతాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. మందు వాసన వల్ల పిల్లి తిండి మీదే విరక్తి పెంచుకుని గిన్నె దగ్గరకు రావడం మానేస్తే అది కొత్త జబ్బుకు దారి తీస్తుంది. రెండు మూడు రోజులు వరుసగా తినకపోతే పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుపోతుంది. లావుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కు చెప్పాల్సిందే.

ఆముదం, పారాఫిన్ నూనె పోయొద్దు

పిల్లికి మలబద్ధకం అనగానే ఆముదం పోయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కొందరు మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ తెస్తారు. బలవంతంగా నోట్లో పోసే నూనెలు మామూలు సిరప్ కంటే ఇంకా ప్రమాదం. లిక్విడ్ పారాఫిన్‌కు రుచి, వాసన ఉండవు. అది గొంతులోకి జారుతున్నా పిల్లికి దగ్గు రాదు. తెలియకుండానే ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడే ఉండిపోయి మొండి నిమోనియా తెచ్చిపెడుతుంది. మగపిల్లి మూత్రం రాక ముక్కుతుంటే చూసేవాళ్లకు మలబద్ధకంలా కనిపిస్తుంది. మూత్రం అడ్డుపడటం గంటల్లో ప్రాణం మీదకు తెచ్చే అత్యవసర పరిస్థితి. నూనె పోస్తూ కాలం గడిపితే మొదటికే మోసం వస్తుంది.

చిన్న కూనలకు, స్పృహ లేనివాటికి..

తల్లి లేని కూనలకు పాలు గానీ, నులిపురుగుల మందు గానీ పట్టేటప్పుడు కూడా పొట్ట కిందకు ఉండేలా కూర్చోబెట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ముక్కులోంచి బయటకు వస్తాయి. అది పొలమారిందనడానికి గుర్తు. స్పృహ లేకుండా పడి ఉన్న, మూర్ఛ వచ్చిన, బాగా నీరసించి తల నిలపలేని పిల్లి నోట్లో నీళ్లు సహా ఏదీ పోయకూడదు. మింగే శక్తి లేనప్పుడు పోసింది ఎటు వెళ్తుందో చెప్పలేం.

పొలమారిందా? ఇవి గమనించండి

మందు వేసేటప్పుడు పిల్లి గట్టిగా దగ్గితే ముందు వదిలేసి, తల కిందకు వంచుకోనివ్వాలి. వీపు మీద బాదడం, మళ్లీ నీళ్లు పోయడం వద్దు. దగ్గు ఆగి మామూలుగా తిరుగుతుంటే ఊరట. అయితే నిమోనియా లక్షణాలు వెంటనే కనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాతో, ఒకటి రెండు రోజులకో బయటపడతాయి. అందుకే రెండు మూడు రోజులు కనిపెట్టి ఉండాలి.

పిల్లి నిద్రపోతున్నప్పుడు డొక్క ఎన్నిసార్లు పైకి కిందకు కదులుతుందో ఒక నిమిషం పాటు లెక్కపెట్టాలి. సాధారణంగా 30 లోపే ఉంటుంది. పదే పదే 30 దాటుతుంటే డాక్టర్‌కు చూపించాలి. తిండి మానేయడం, ఒళ్లు కాలడం, మూలన నక్కి కూర్చోవడం, దగ్గు కూడా హెచ్చరికలే. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్లు నీలంగా మారినా అర్ధరాత్రి అయినా సరే ఆగకూడదు.

కరిస్తే, గీరితే ఏం చేయాలి?

పిల్లి పళ్లు సూదుల్లా ఉంటాయి. పైకి చిన్న గాటులా కనిపించినా లోతుగా దిగుతాయి. కొన్ని గంటల్లోనే వాచి, చీము పట్టే అవకాశం ఉంది. కాటు గానీ, రక్తం వచ్చే గీరు గానీ పడితే వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం లాంటివి పెట్టొద్దు. తర్వాత డాక్టర్ దగ్గరకు వెళ్లి రేబిస్ టీకా, టీటీ, యాంటీబయాటిక్ అవసరమో లేదో అడగాలి. రేబిస్ కుక్కల నుంచే వస్తుందనుకోవద్దు, పిల్లి కాటు వల్ల కూడా రావచ్చు. పిల్లికి ఏటా టీకా వేయించి, మందుల కోర్సు మొదలయ్యే ముందు గోళ్ల మొనలు కత్తిరిస్తే సగం భయం పోతుంది.

కోర్సు మధ్యలో ఆపేయొద్దు.. దారులు వేరే ఉన్నాయి

రోజూ యుద్ధమే అవుతుంటే చాలామంది పిల్లి కాస్త కోలుకోగానే మందు ఆపేస్తారు. కొన్ని జబ్బుల్లో అది కొంప ముంచుతుంది. ఎఫ్ఐపీ అనే జబ్బునే చూడండి. పిల్లుల్లో వచ్చే ఒక రకం కరోనా వైరస్ వల్ల ఇది వస్తుంది. ఒకప్పుడు వస్తే దాదాపు మరణమే. ఇప్పుడు జీఎస్-441524 అనే యాంటీవైరల్‌తో చాలా పిల్లులు బతుకుతున్నాయి. దీనికి మొదట్లో ప్రమాణంగా వచ్చిన కోర్సు 84 రోజులు. 2023లో సైప్రస్ ద్వీపంలో ఈ జబ్బు ఉధృతంగా వ్యాపించినప్పుడు, మనుషుల కోవిడ్ కోసం తెచ్చిన మందుల నిల్వలను పిల్లులకు వాడుకోవడానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇలాంటి జబ్బులో మందు నోట్లోకి సరిగ్గా వెళ్లడమే బతుకుకు, చావుకు మధ్య తేడా.

సిరప్ అస్సలు కుదరకపోతే ఆ మాట డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. మాత్ర, ఎక్కువ రోజులు పని చేసే ఇంజెక్షన్, రోజుకు రెండు పూటల బదులు ఒక పూట సరిపోయే మందు.. ఇలా మార్చే వీలు చాలాసార్లు ఉంటుంది. థైరాయిడ్ మందు లాంటి కొన్నింటిని చెవి లోపలి చర్మానికి రాసే జెల్‌గానూ తయారు చేస్తున్నారు. సిరప్ బదులు మాత్ర వేస్తే దాని వెనుక కొంచెం తిండి పెట్టడమో, సిరంజీతో చెంప పక్క నుంచి మెల్లగా కొన్ని ఎంఎల్ నీళ్లు పట్టడమో చేయాలి. డాక్సీసైక్లిన్ మాత్ర పొడిగా అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడి, ఆ దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ఎక్కడ చూపించాలి?

తెలుగు రాష్ట్రాల్లో పెంపుడు జంతువుల ప్రైవేట్ క్లినిక్‌లు నగరాలు, పట్టణాల్లో పెరిగాయి. అవి అందుబాటులో లేనివాళ్లు ప్రభుత్వ పశువైద్యశాలలకు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలో వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి. మొదటిసారి మందు రాసినప్పుడే ఒక డోసు తమ ముందే వేసి చూపించమని డాక్టర్‌ను అడగాలి. ఒక్కసారి కళ్లతో చూస్తే ఎన్ని వీడియోలు చూసినా రాని ధైర్యం వస్తుంది. ఇంటి దగ్గర, రాత్రి పూట కూడా తెరిచి ఉండే క్లినిక్ నంబర్ ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి.

మొత్తానికి గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. డాక్టర్ రాసిన మందు మాత్రమే, ఎంఎల్ లెక్క సరిచూసుకుని, తల నిటారుగా ఉంచి, చెంప పక్క నుంచి, గుటక గుటకకూ ఆగుతూ వేయాలి. నాలుగు చుక్కలు నేల పాలైనా ఫరవాలేదు. తొందరపడి ఊపిరితిత్తుల పాలు చేయకపోతే చాలు. ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ పిల్లి వయసు, బరువు, జబ్బును బట్టి ఏ మందు, ఎంత అన్నది పశువైద్యులే నిర్ణయించాలి.